ఊరి భూమి, ఊరి మాట: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

శ్మశానానికి, చెత్త షెడ్డుకు, ఇళ్ల స్థలాలకు, పార్కుకు ఊళ్లో ఏ భూమిని కేటాయించాలి, ఆ నిర్ణయంలో ఊరివాళ్ల మాటకు ఎంత విలువ ఉంటుంది అని అడుగుతూ ఈ నెల చాలా ఉత్తరాలు వచ్చాయి. వాటిలో ఆరింటికి జవాబిస్తున్నాను. ఊళ్ల పేర్లు వేయవద్దని కొందరు కోరినందువల్ల అందరికీ జిల్లా పేరు మాత్రమే ఇస్తున్నాను.

ప్రశ్న: మా పంచాయతీ డంపింగ్ యార్డుకు చెరువు లోపలి వైపున ఉన్న ఎకరం జాగా చూపించారు. ఎండాకాలంలో అక్కడ మా పశువులు మేస్తాయి. గ్రామసభ తీర్మానం ఎప్పుడో అయిపోయిందని కార్యదర్శి గారు అంటున్నారు. ఆ సభలో నేనూ ఉన్నాను. యార్డు కావాలని అందరం అన్న మాట నిజమే గాని, ఎక్కడ అన్నది ఎవరూ ఎత్తలేదు. ఇప్పుడు మేము చేయగలిగింది ఏమైనా ఉందా? (వికారాబాద్ జిల్లా)

జవాబు: ఉంది. ముందుగా తీర్మానాల పుస్తకం చూడండి. మీ సభ నాటి పేజీలో సర్వే నంబరు, విస్తీర్ణం రాసి ఉన్నాయా లేదా అన్నదే ఇక్కడ అసలు విషయం. "డంపింగ్ యార్డు నిర్మించుటకు సభ ఏకగ్రీవముగా ఆమోదించడమైనది" అని మాత్రమే ఉంటే, సభ ఆమోదించింది యార్డును గాని ఆ స్థలాన్ని కాదు. పుస్తకం చూపించడానికి వెనకాడితే సమాచార హక్కు చట్టం కింద నకలు అడగండి. గ్రామ స్థాయి కార్యాలయంలో దరఖాస్తుకు రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆ పైన 10 రూపాయలు. జవాబివ్వడానికి గడువు 30 రోజులు.

పని జరగవలసిన వరుస ఇది. తనకు ఏ అవసరానికి ఎంత భూమి కావాలో గ్రామసభ చెబుతుంది. తహసీల్దారు కార్యాలయం ఊళ్లో ఉన్న ప్రభుత్వ భూముల్లో వీలైనవి చూపిస్తుంది. గిర్దావరు (రెవెన్యూ ఇన్‌స్పెక్టరు), సర్వేయరు వచ్చి కొలతలు వేసి, నక్షా గీసి, పంచనామా రాస్తారు. ఆ కాగితాలు పైకి వెళ్లి కేటాయింపు ఉత్తర్వుగా తిరిగి వస్తాయి. ఆచరణలో ఈ వరుస తరచుగా తలకిందులవుతుంది. ఎవరూ గొడవకు రాని జాగా ఏదో ముందే చూసిపెట్టుకుంటారు, తీర్మానం తరువాత రాసుకుంటారు. ఏ ఊళ్లోనైనా గొడవకు ఎవరూ రాని జాగాలు మూడే ఉంటాయి: చెరువు శిఖం (చెరువు నిండినప్పుడు నీళ్లు నిలిచే భూమి), పశువుల మేత భూమి, మాట చెల్లనివాళ్ల వాడ పక్కన ఉన్న ఖాళీ స్థలం. "అభ్యంతరం లేని భూమి" అన్న మాట ఏ కాగితంలో కనిపించినా, ఎవరి అభ్యంతరాన్ని అడిగి చూశారన్నది విచారించడం నాకు అలవాటైంది.

మీ విషయంలో చట్టం మీ వైపే ఉంది. చెత్త పూడ్చే స్థలం నదికి 100 మీటర్లు, చెరువుకు 200 మీటర్లు, ఇళ్లకు, రహదారికి, మంచినీటి బావులకు 200 మీటర్లు దూరంగా ఉండాలని 2016 నాటి ఘనవ్యర్థాల నిర్వహణ నిబంధనలు చెప్పాయి. తడి చెత్త, పొడి చెత్త వేరుచేసే షెడ్డు వేరు, చెత్త పూడ్చే స్థలం వేరు అని కార్యదర్శి గారు అనవచ్చు. ఆ తేడా నిజమే. అయితే మీ ఊళ్లో షెడ్డు పక్కనే మిగిలిన చెత్తను కుప్పపోయబోతున్నారా, వేరే చోటికి తరలిస్తారా అని సభలో అడిగి, జవాబును పుస్తకంలో రాయించండి. చెరువులు, కుంటలు ఊరందరి ఆస్తి కనుక వాటిని ఇళ్ల స్థలాలకు సైతం ఇవ్వరాదని హించ్‌లాల్ తివారీ కేసులో సుప్రీంకోర్టు 2001లోనే తేల్చింది. ఇళ్లకే ఇవ్వకూడని జాగాను చెత్తకు ఇస్తారా అన్న ప్రశ్న కలెక్టరుకు రాసే అర్జీలో మొదటి వాక్యం కావచ్చు.

ఒక సంగతి మాత్రం గుర్తుంచుకోవాలి. "ఇక్కడ వద్దు" అని మాత్రమే రాసిన అర్జీ నిలవదు. రెండు మూడు ప్రత్యామ్నాయ స్థలాలను సర్వే నంబర్లతో సహా చూపించండి. వాటిని వైశాఖంలో కాకుండా, వీలైతే మంచి వాన పడిన మరునాడు వెళ్లి చూడండి. శిఖం భూమి ఎండాకాలంలో మైదానంలాగే కనిపిస్తుంది. స్థల పరిశీలనలు ఎక్కువగా ఎండాకాలంలోనే జరుగుతాయి కనుక, నీళ్లు ఎక్కడిదాకా వస్తాయో తెలిసిన చేపలు పట్టేవాళ్లను, చెరువు నీళ్లు వదిలే నీరటిని సభలో నిలబెట్టి మాట్లాడించండి. చెరువు నిండినప్పుడు తీసిన ఫోటో ఒకటి ఉంటే ఇంకా మంచిది.

ప్రశ్న: మా ఊరి పశువుల బీడును ఇళ్ల స్థలాల కోసం తీసుకుంటామని కొలతలు వేస్తున్నారు. అది పంచాయతీ ఆస్తి అని సర్పంచి, ప్రభుత్వ భూమి అని రెవెన్యూవాళ్లు అంటున్నారు. ఎవరి మాట నిజం? (ప్రకాశం జిల్లా)

జవాబు: ఇద్దరూ సగం సగం నిజం చెబుతున్నారు. 1994 నాటి ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్ చట్టం 58వ సెక్షను ప్రకారం మేత భూములు, కళ్లాలు, శ్మశానాలు, పశువులు, బండ్లు నిలిపే చోట్లు, తోపులు అనే పోరంబోకులు (ఊరి ఉమ్మడి అవసరాలకు వదిలిన ప్రభుత్వ భూములు), ప్రభుత్వానికి వేరే ప్రత్యేక అవసరం లేనంతవరకు గ్రామ పంచాయతీకి దఖలుపడి ఉంటాయి. అదే సెక్షనులోని రెండో భాగం, ప్రభుత్వానికి అవసరమైతే గెజిట్‌లో ప్రకటించి వెనక్కి తీసుకోవచ్చునని చెబుతుంది. కాబట్టి మీరు అడగవలసిన ప్రశ్న "భూమి ఎవరిది" అని కాదు, "గెజిట్ ప్రకటన వచ్చిందా, వస్తే ఏ తేదీన" అని. ఆ ప్రకటన లేకుండా కొలత గొలుసు పట్టుకుని వచ్చినవారికి ఈ మాట మర్యాదగానే చెప్పవచ్చు.

రెండో ఆధారం జగ్‌పాల్ సింగ్ కేసులో 2011 జనవరి 28న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు. పంజాబ్‌లోని పాటియాలా జిల్లాలో ఒక ఊరి చెరువును పూడ్చి ఇళ్లు కట్టుకున్నవారు, ఆ ఆక్రమణను క్రమబద్ధం చేయాలని కోరారు. జస్టిస్ మార్కండేయ కట్జూ, జస్టిస్ జ్ఞాన్ సుధా మిశ్రా ఆ కోరికను తోసిపుచ్చి, ఊరి ఉమ్మడి భూముల నుంచి ఆక్రమణలను తొలగించే పథకాలు తయారు చేయాలని అన్ని రాష్ట్రాలనూ ఆదేశించారు. భూమిలేని కూలీలకు, షెడ్యూల్డు కులాలు, తెగలవారికి ప్రభుత్వం ప్రకటన ద్వారా ఇచ్చిన చోట, లేదా బడి, ఆసుపత్రి వంటివి అప్పటికే కట్టిన చోట మాత్రమే మినహాయింపు ఉంటుందన్నారు. ఆ తీర్పు వచ్చిన ఏడాదే మన రాష్ట్రంలో గ్రామ పంచాయతీల ఆస్తుల పరిరక్షణ నిబంధనలు వచ్చాయి. వాటి ప్రకారం ప్రతి పంచాయతీ తన ఆస్తుల జాబితా తయారు చేసుకోవాలి. మీ బీడు ఆ జాబితాలో ఉందో లేదో చూడండి. లేకపోతే ఇప్పుడైనా ఎక్కించమని సభలో తీర్మానం పెట్టించండి.

పై మినహాయింపును మీరు తేలికగా దాటేయకూడదని కూడా చెప్పాలి. ఇల్లు లేనివారికి జాగా ఇవ్వడం చిన్న విషయం కాదు. గొర్రెలు ఉన్నవారికీ, ఇల్లు లేనివారికీ తగవు పెట్టి మూడోవాడు బాగుపడే సందర్భాలు నేను చూశాను. బీడు మొత్తాన్ని కాపాడమనే బదులు, ఎంత మందకు ఎంత మేత కావాలో లెక్క చూసుకుని, రోడ్డు పక్క భాగం ఇళ్లకు, వాగు వైపు భాగం మేతకు అని సభే విడదీసి రాయగలిగితే, ఆ తీర్మానాన్ని కాదనడం అధికారులకు కష్టమవుతుంది.

ఇక్కడే ఒక మాట. మన జిల్లాల్లో ఈ భూములకు ఉన్న పేర్లు ఎన్నో: కోస్తాలో పోరంబోకు, బీడు, ఉత్తరాంధ్రలో గయాలు, తెలంగాణలో బంచరాయి, కంచ. 2025లో దేశమంతా విన్న, హైదరాబాద్‌లోని కంచ గచ్చిబౌలి పేరులోని "కంచ" కూడా పశువుల మేతకు విడిచిన భూమి అన్న అర్థంలోనిదే. ఆ 400 ఎకరాల్లో చెట్ల నరికివేతను సుప్రీంకోర్టు ఏప్రిల్ 3న ఆపించేనాటికి, పేరులోని ఆ అర్థం చాలామందికి గుర్తు లేదు. మీ ఊరి పాత భూమి రికార్డులైన అడంగల్లో, రీసెటిల్‌మెంటు రిజిస్టరులో ఆ బీడుకు ఏ పేరు రాసి ఉందో దాని నకలు తీసి దగ్గర పెట్టుకోండి.

ప్రశ్న: మా ఊళ్లో గ్రామసభ జరిగినట్టు తెలియదు గాని, జరిగినట్టు సంతకాలు మాత్రం ఉంటాయి. ఉపాధి పని దగ్గరికో, సంఘం మీటింగుకో కాగితం తెచ్చి ఆడవాళ్ల చేత సంతకం పెట్టిస్తారు. ఇలాంటి సభలో ఊరి భూమి గురించి తీసుకున్న నిర్ణయం చెల్లుతుందా? (జగిత్యాల జిల్లా)

జవాబు: అమ్మా, గ్రామసభ అంటే పంచాయతీ పాలకవర్గం కాదు. ఓటర్ల జాబితాలో పేరున్న ప్రతి ఒక్కరూ అందులో సభ్యులే. రాజ్యాంగం 243-ఎ అధికరణం ఆ సభకు గుర్తింపునిచ్చింది. తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం 2018 ప్రకారం రెండు నెలలకు ఒకసారైనా సభ జరగాలి. సభలు పెట్టకుండా వదిలేసిన సర్పంచి పదవికే ముప్పు వస్తుంది. సభ జరగకుండా జరిగినట్టు రాసిన తీర్మానాన్ని జిల్లా పంచాయతీ అధికారి ముందు, కలెక్టరు ముందు సవాలు చేయవచ్చు. అయితే మీ సంతకం ఉన్న కాగితాన్ని మీరే కాదనడం కష్టమవుతుంది కనుక, కాగితం మడిచి చివరి పేజీ మాత్రమే ముందు పెట్టినప్పుడు, పై పేజీ చదివి వినిపించమని అడగడం మొదలుపెట్టండి. ఇది చిన్న పనిలా కనిపిస్తుంది గాని పదిమంది అడిగితే ఆ కాగితం మళ్లీ మీ దగ్గరికి రాదు, సభ మీ దగ్గరికి వస్తుంది.

సభ వేళ గురించి కూడా పట్టుబట్టండి. పొద్దున పదకొండు గంటలకు పెట్టిన సభకు నాట్లకు వెళ్లినవాళ్లు రాలేరు. రాత్రి వంటవేళ పెడితే మీరు రాలేరు. ఏ వేళ అనుకూలమో సభే నిర్ణయించి రాసుకోవచ్చు. డప్పు చాటింపు వేయించడం, పంచాయతీ గోడకు నోటీసు అంటించడం మాత్రమే కాదు, చర్చకు వచ్చే అంశాల్లో భూమి ఉంటే దాని సర్వే నంబరును కూడా ముందే చాటించమని అడగండి. సభ ముగిసే ముందు రాసింది చదివి వినిపించాలని, అది విన్న తరువాతే సంతకాలు చేస్తామని మీ మహిళా సంఘాలన్నీ ఒక మాట మీద ఉంటే చాలు.

ప్రశ్న: మాది కొండ మీద గూడెం. అంగన్‌వాడీకి, మంచినీటి ట్యాంకుకు అడవి భూమి కావాలి. కింద పంచాయతీ కేంద్రంలో తీర్మానం చేస్తాం, మీరు దిగి రానవసరం లేదు అంటున్నారు. అది సరైనదేనా? (అల్లూరి సీతారామరాజు జిల్లా)

జవాబు: కాదు. మీలాంటి గిరిజనుల షెడ్యూల్డు ప్రాంతాలకు వర్తించే 1996 నాటి పీసా చట్టంలో గ్రామం అంటే ఒక ఆవాసం, లేదా కొన్ని ఆవాసాలు, తమ ఆచారాల ప్రకారం తమ వ్యవహారాలు నడుపుకునే సమూహం. మీ గూడేనికి సొంత గ్రామసభ ఉండాలి. అటవీ హక్కుల చట్టం 2006లోని 3(2) సెక్షను మీ అవసరానికి సరిగ్గా సరిపోతుంది. బడి, అంగన్‌వాడీ, ఆసుపత్రి, చౌకధరల దుకాణం, తాగునీటి సరఫరా, రోడ్డు వంటి 13 రకాల సౌకర్యాలకు, ఒక్కో దానికి హెక్టారు లోపు అడవి భూమిని వాడుకోవచ్చు. హెక్టారుకు 75 చెట్లకు మించి కొట్టకూడదు. దీనికంతటికీ గ్రామసభ సిఫార్సు తప్పనిసరి. కింద రాసిన తీర్మానం మీ సిఫార్సు కాజాలదు.

సభ మాటకు ఎంత బలం ఉంటుందో ఒడిశాలోని నియమగిరి చూపించింది. అక్కడ బాక్సైట్ తవ్వకం విషయాన్ని గ్రామసభలే తేల్చాలని 2013 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు చెప్పింది. ఆ ఏడాదే 12 పల్లెసభలు జరిగాయి, పన్నెండూ వద్దన్నాయి. మీరు అడుగుతున్నది గని కాదు, అంగన్‌వాడీ. మీ సభ స్థలం చూపించి, చెట్లు లెక్కపెట్టి, మీ గూడెంలోనే తీర్మానం రాయించి కిందికి పంపితే, ఆ పనికి అడ్డం చెప్పగలవారు తక్కువ.

ప్రశ్న: మా కాలనీ లేఅవుట్‌లో పార్కు కోసం వదిలిన స్థలంలో ఇప్పుడు ఒకరు కంచె వేశారు. మున్సిపాలిటీవారు అది తమకు అప్పగించలేదు అంటున్నారు. (మేడ్చల్-మల్కాజిగిరి జిల్లా)

జవాబు: లేఅవుట్ అనుమతిలో భాగంగా ఖాళీగా వదలవలసిన స్థలాన్ని, సాధారణంగా మొత్తం విస్తీర్ణంలో 10 శాతాన్ని, రిజిస్టరు చేసిన దానపత్రం ద్వారా స్థానిక సంస్థకు అప్పగించాలి. మీ దగ్గర మంజూరైన లేఅవుట్ నక్షా నకలు ఉంటే, ముందు ఆ దానపత్రం నంబరు కనుక్కోండి. అది దొరికితే పని సగం అయినట్టే. దానపత్రం జరగలేదని తేలినా నక్షాలో పార్కుగా చూపిన స్థలాన్ని ప్లాటుగా అమ్మే హక్కు ఎవరికీ లేదు. కాలనీ సంఘం తీర్మానంతో కమిషనరుకు, సబ్ రిజిస్ట్రారుకు ఒకేసారి రాయండి. రెండోవారికి రాయడం చాలామంది మరిచిపోతారు, ఈలోగా ఆ జాగా చేతులు మారిపోతుంది.

ప్రశ్న: మా ఊరివాళ్లం బోడిగా ఉన్న గుట్టను ఇరవై ఏళ్లుగా మేపకుండా, తగలబడకుండా కాపాడుకుంటున్నాము. ఇప్పుడు చెట్లు వచ్చాయి, వాగులో నీళ్లు నిలుస్తున్నాయి. రికార్డులో మాత్రం అది ఇంకా బంజరే. దీనివల్ల మాకు ప్రమాదం ఉందా? (శ్రీ సత్యసాయి జిల్లా)

జవాబు: ఉంది. ఆ ప్రమాదం ఎలాంటిదో మీ జిల్లాలోనే చూడవచ్చు. టింబక్టు కలెక్టివ్ అనే సంస్థతో కలిసి ముష్టికోవెల, దాని చుట్టుపక్కల ఊళ్లవారు 1990ల మొదటి నుంచి కల్పవల్లి కొండలను కాపాడారు. అగ్గి పాకకుండా గడ్డి లేని పట్టీలు తీశారు, కాపలా పెట్టుకున్నారు, కొన్ని వేల ఎకరాల్లో గడ్డి, ఈతచెట్లు, అడవి మొక్కలు మళ్లీ పైకి వచ్చాయి. చీపుర్లకు, చాపలకు ఈత ఆకు, మందలకు మేత అక్కడి నుంచే వచ్చేవి. రెవెన్యూ కాగితంలో మాత్రం ఆ కొండలు బంజరుగానే ఉండిపోయాయి. 2010 ప్రాంతంలో ఆ కొండల మీద గాలిమరలు వచ్చాయి, వాటి కోసం కొండ కోసి రోడ్లు వేశారు. గాలి కరెంటు చెడ్డదని నేను అనడం లేదు. రికార్డులో ఖాళీగా కనిపించే భూమిలో ఇరవై ఏళ్ల చాకిరీకి గడి లేదన్నదే నా బాధ.

కాబట్టి మీ గుట్టకు కాగితం మీద ఒక పేరు సంపాదించండి. ఒక దారి, అది మేతకూ ఊరి ఉమ్మడి అవసరాలకూ వాడుకలో ఉన్న భూమి అని గ్రామసభ తీర్మానం చేసి, వర్గీకరణ మార్చమని కలెక్టరుకు పంపడం. రెండో దారి, జీవవైవిధ్య చట్టం 2002 ప్రకారం ప్రతి స్థానిక సంస్థలో ఉండవలసిన జీవవైవిధ్య యాజమాన్య కమిటీని మీ పంచాయతీలో నిజంగా పనిచేయించడం. ఆ కమిటీ ఊళ్లోని చెట్లు, గడ్డి జాతులు, పక్షులు, మందుమొక్కలు రాసిన రిజిస్టరు తయారు చేస్తుంది. చాలా చోట్ల కమిటీ బోర్డు మీదే ఉంటుంది, రిజిస్టరు వేరే ఎవరో పట్నంలో కూర్చుని రాసి పంపుతారు. మీరు అలా కానివ్వకండి. ఏ చెట్టు ఏ వంకలో ఉందో తెలిసిన మీ గొర్రెల కాపరి చెబుతుంటే, బడి పిల్లలు రాసుకుంటే చాలు. అదే చట్టంలోని 37వ సెక్షను కింద, స్థానిక సంస్థలను సంప్రదించి రాష్ట్ర ప్రభుత్వం ఒక చోటును జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించవచ్చు. సంగారెడ్డి జిల్లాలోని అమీన్‌పూర్ చెరువుకు 2018లో ఆ గుర్తింపు వచ్చింది. ఊరి పక్కన అపార్టుమెంట్లు లేచిన చెరువుకే వచ్చినప్పుడు, మీ గుట్టకు అడగడంలో తప్పు లేదు.

ఈ రెండు దారులకూ సమయం పడుతుంది. ఈలోగా ఒక పని ఈ వారమే చేయండి. గుట్ట సర్వే నంబరుతో, దాన్ని ఎవరెవరు ఎప్పటి నుంచి కాపాడుతున్నారో వివరిస్తూ, పాత ఫోటోలు, కాపలా కూలి ఇచ్చిన చీటీలు ఉంటే వాటి నకళ్లు జతచేసి, వచ్చే గ్రామసభలో చర్చకు పెట్టమని కార్యదర్శికి అర్జీ ఇచ్చి, రసీదు తీసుకోండి.